చేతులు మారిన కార్డు

బ్రెడ్డు సంచి చింపి దాని మీద రాసుకొచ్చాను జాబితా.
పిండి మరకల్లోంచి పెన్సిల్ గీతలు:
ప్రాసెసర్, బోర్డు, మెమరీ, కార్డు,
ఒక్కోదాని పక్కన ఒక అంకె,
అన్నిటి కిందా అడ్డగీత,
అడ్డగీత కింద నా బోనసు మొత్తం.
ఎన్నిసార్లు కూడినా
గీత పైది గీత కిందదాన్ని మింగేస్తోంది.

సావో పాలోలో చినుకు.
గొడుగు తెరిచేంత కాదు, మూసేంతా కాదు.
సాంత ఇఫిజేనియా వీధి వాసన మారలేదు,
సోల్డరు పొగ, నూనెలో వేగే పేస్ట్రీలు, తడిసిన అట్టపెట్టెలు.
మారింది భాష.
నేను ఆడే రోజుల్లో
నాలుగు జీబీ మెమరీ ఉన్నవాడు జమీందారు.
ఇప్పుడు పదహారంటే
కౌంటర్ కుర్రాడు "సరిపెట్టుకోవచ్చు లెండి" అంటాడు,
పెళ్ళిలో ఆఖరి పంక్తివాడికి చెప్పినట్టు.

కార్డుల పేర్లు టెలిఫోన్ నంబర్లలా ఉన్నాయి.
పెద్ద అంకె మంచిదా అంటే కాదట,
చిన్నదా అంటే అదీ కాదట,
చివరి అక్షరం చూడాలట.
నలభై మూడేళ్ళ ఆడది కళ్ళజోడు పైకి తోసుకుని
అక్షరం వెతుకుతుంటే
"అబ్బాయికా?" అన్నాడు.
"నాకే."
వాడి చూపు నా చేతుల మీద పడింది,
ఓవెన్ కాల్చిన మచ్చల మీద.
ఈ చేతులే ఒకప్పుడు పెన్యాలో
గంటకి రెండు రియాళ్ళ ఆటల దుకాణంలో
ఇవానిల్దోని మెట్ల వెనక నుంచి
వరసగా తొమ్మిదిసార్లు చంపాయని
వాడికెలా చెప్పను?

మూడో అంతస్తులో వాల్దిర్.
పలచటి మనిషి, మెడలో స్క్రూడ్రైవర్.
జాబితా చూసి నవ్వలేదు, అందుకే అక్కడ కూర్చున్నాను.
కొత్త ప్రాసెసర్ కొట్టేశాడు.
ఏ కంపెనీ సర్వర్‌లోంచో పీకేసిన ముసలిదాన్ని తీసి
చొక్కా అంచుతో తుడిచాడు.
"పని తెలిసినదే. పరుగే కాస్త తక్కువ."
కేబినెట్ కొట్టేశాడు.
రంగు దీపాలు నేనే కొట్టేశాను.
పవర్ సప్లై దగ్గర మాత్రం పెన్సిల్ లాక్కున్నాడు:
"దోనా జురేమా, ఇక్కడ పీనాసితనం చేస్తే
మిగిలినవన్నీ తగలెయ్యడానికి కొన్నట్టే."
మా బేకరీలో ఈస్టు సంగతీ అంతే.
మాట్లాడకుండా డెబ్భై రియాళ్ళు పైన వేశాను.

ఇక కార్డు.
సగం ధరకి ఒకటుంది గానీ నిజం చెప్పాలి అన్నాడు.
కంప్యూటర్ నాణేలు తవ్వే గోదాములో
మూడేళ్ళు పగలనక రాత్రనక నడిచిందట.
చేతిలోకి తీసుకున్నాను.
ఫ్యాను రెక్కని వేలితో తిప్పాను;
ఆగే ముందు చిన్నగా మూలిగింది,
పొద్దున నాలుగింటికి మెట్లు దిగేటప్పుడు నా మోకాలిలాగే.
జాలిపడ్డాననుకునేరు.
లేదు. మోకాలి సంగతి తెలుసు గనకే
ఇంకో అరవై తగ్గించమన్నాను.
నలభై దగ్గర తెగింది.
కొసరుగా థర్మల్ పేస్టు గొట్టం.
చేతికి కొంత, మిగతాది పది వాయిదాలు.

రాత్రి వంటింటి బల్ల మీద
బేకరీలో పారేసిన ట్రే,
ట్రే మీద అట్ట, అట్ట మీద బోర్డు,
పేగులన్నీ బయటే.
స్విచ్ లేదు, రెండు పిన్నులకి స్క్రూడ్రైవర్ ఆనించాను.
ఏమీ లేదు.
మెమరీ పీకి, ఊది, మళ్ళీ గుచ్చాను.
ఏమీ లేదు.
ప్రాసెసర్‌కి వెళ్ళే వైరే పెట్టలేదని
పావుగంట తర్వాత తెలిసింది.
నన్ను నేనే ఒక బూతు తిట్టుకున్నాను,
పెన్యాలో నేర్చుకున్నదే,
చెక్కుచెదరలేదు.

ఈసారి ఫ్యాన్లు తిరిగాయి, అన్నిటికంటే గట్టిగా ఆ కార్డువి.
నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు:
బోర్డు మీది బ్యాటరీ అయిపోయిందట,
తేదీ తెలియదట.
రెండు వేల పన్నెండు, జనవరి ఒకటి అని చూపిస్తూ
సరిచెయ్యమంటోంది.

ఆ ఏడు ఫిబ్రవరిలో దుకాణం మూతపడింది.
మార్చిలో నేను ఓవెన్ ముందు నిలబడ్డాను.

గోడ గడియారంలో మూడు కావడానికి పావుగంట.
ఎఫ్ రెండు నొక్కితే
సరిచెయ్యకుండా ముందుకు పోవచ్చట.
నొక్కాను.
బ్యాటరీ ఎంత, రెండు రియాళ్ళు.
రేపు కొంటాను.